పడిశముతో మింటినుండి దూకినచో

1783వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన పారిస్ నగరములోని ట్విలరీ తోటనుండి ఒక పెద్ద బుడగ పైకి లేచినది. దానిలో ఉదజని వాయువు నింపిరి. క్రింద వ్రేలాడు తొట్టెలో ఇద్దరు కూర్చుండిరి. ఒకరు జాక్ చార్లెస్ అను భౌతికశాస్త్రజ్ఞుడు; రెండవవాడు ఆ బుడగను నిర్మించిన సోదరులలో ఒకడైన రాబేర్. ఉదజని బుడగలో మనుష్యులు ఎగురుట అదియే మొదటిసారి. రెండు గంటల ప్రయాణము సుఖముగా సాగినది. నేల చేరిన పిమ్మట రాబేర్ దిగిపోయెను. చార్లెస్ ఒక్కడే మరల పైకి పోయెను. ఒక మనిషి బరువు తగ్గుటచే బుడగ బాణమువలె ఎగసి, కొలది నిమిషములలోనే సుమారు పదివేల అడుగుల ఎత్తునకు చేరినది. క్రింద అస్తమించిన సూర్యుని ఆయన పైన మరల చూడగలిగెను. ఆ ఆనందము నడుమనే కుడిచెవిలో భరింపరాని పోటు పుట్టినది. చార్లెస్ వాయువును వదలి నేలకు దిగెను. వేడిమికి వాయువులు వ్యాకోచించు తీరును తెలుపు సూత్రము నేటికిని ఆయన పేరనే ఉన్నది. కాని ఆయన మరల ఎన్నడును బుడగ ఎక్కలేదు.

చెవిని గూర్చి మాటలాడుటలో మాకు కొంత స్వార్థము లేకపోలేదు. పత్రికలవారికి కన్ను ఎట్టిదో రేడియోవారికి చెవి అట్టిది. శ్రోత చెవి దిబ్బడ వేసినచో మా కచేరీలు, నాటికలు, వార్తలు అన్నియు గోడకు చెప్పినట్లే అగును. అందుచేత నేటి యువకులు సరదాకై చేయు ఒక సాహసమునందు ఈ ఇంద్రియమునకు ఎట్టి ముప్పు కలదో చెప్పుట మా విధియని తలచినాము. విమానమునుండి దూకి, కొంతదూరము రాయివలె పడి, పిమ్మట గొడుగు విప్పుకొని దిగుటను స్కైడైవింగ్ అందురు. ఇది ఒకప్పుడు సైనికులకును, ప్రదర్శకులకును మాత్రమే తెలిసిన విద్య. ఇప్పుడు దుబాయికో, అమెరికాకో, న్యూజిలాండుకో పోయిన మన బిడ్డలు శిక్షకుని రొమ్మునకు పట్టీలతో కట్టించుకొని దూకి, ఆ ఛాయాచిత్రములను ఇంటికి పంపుచున్నారు. తల్లిదండ్రులకు గొడుగు విచ్చుకొనునా లేదా అన్నదొక్కటే దిగులు. ముక్కు దిబ్బడను గూర్చి దిగులుపడు తల్లిని మేమింకను చూడలేదు.

తిరుమల కొండ ఎక్కి దిగినవారికి ఈ విషయము సగము తెలిసినట్లే. బస్సు కనుమదారి పట్టిన కొంతసేపటికి చెవులలో ఏదో నిండినట్లుండును. గుటక వేయగానే టప్పున విచ్చుకొనును. దిగునప్పుడు అదియే మరికొంత మొండిగా నుండును. పక్కవారి మాట దూరమునుండి వచ్చినట్లు వినబడును. చంటిపిల్లలు కారణము చెప్పలేక ఏడ్తురు. తిరుపతికిని తిరుమలకును ఎత్తులో భేదము సుమారు రెండువేల ఏడువందల అడుగులు. బస్సు ఆ ఎత్తును దిగుటకు అరగంట పైనే పట్టును. మింటినుండి దూకినవాడు ఆ ఎత్తును పదునైదు సెకండ్లలో దిగును.

చెవిలో మూడు గదులు కలవు. బయటిచెవి చివర చిటికెనవ్రేలి గోరంత పలుచని పొర కలదు. దానినే మనము గూబ యందుము. వైద్యులు కర్ణభేరి యందురు. దానికావల నడిమిచెవి. గాలి నిండిన ఆ చిన్న గదిలో మూడు సూక్ష్మమైన ఎముకలు ఒకదానినొకటి అంటిపెట్టుకొని, గూబ కదలికను లోపలికి అందించుచుండును. వాని కావల నత్తగుల్లవలె చుట్టుకొన్న లోచెవి కలదు. అది ద్రవముతో నిండినది. శబ్దము నాడులకు తెలియవచ్చునది అచ్చటనే. ఇక నడిమిచెవిలోని గాలికి బయటి గాలితో సంబంధమెట్లు? గొంతు వెనుక, ముక్కు రంధ్రములు ముగియుచోటునుండి అంగుళమున్నర పొడవుగల సన్నని గొట్టమొకటి నడిమిచెవికి పోవును. 16వ శతాబ్దమున రోమునగరమున శరీరశాస్త్రము బోధించిన యూస్టాకి అను ఆచార్యుడు దీనిని వర్ణించినందున యూస్టేషియన్ నాళమని పేరు వచ్చినది. ఈ నాళము సాధారణముగా మూసికొనియే యుండును. మ్రింగినప్పుడును, ఆవులించినప్పుడును అంగిటి కండరములు లాగుటచే క్షణకాలము తెరచుకొనును.

ఈ నాళమునకు ఒక వింత స్వభావము కలదు. ఎత్తునకు పోవుకొలది బయటి గాలి పలుచనగును. నడిమిచెవిలోని గాలి ఉబ్బి తనంతట తానే నాళమును త్రోసికొని గొంతులోనికి జారును. మన ప్రయత్నము అక్కరలేదు. దిగునప్పుడు కథ తారుమారగును. బయటి గాలి చిక్కనై గూబను లోపలికి నొక్కును. గొంతు వైపునుండి అదే ఒత్తిడి నాళపు మెత్తని గోడలను కూడ అదిమి మూయును. ఇప్పుడు కండరము పనిచేసిననే ద్వారము తెరచుకొనును. బయటికి పోవువానికి తలుపు దానంతట తెరచుకొని, లోనికి వచ్చువానికి గడియ పడు ఇల్లు వంటిదని అనుకొనుడు.

ఆ గడియ ఎప్పుడు పడునో 1937లో ఆర్మ్‌స్ట్రాంగ్, హైమ్ అను ఇద్దరు అమెరికన్ వైమానిక వైద్యపరిశోధకులు కొలిచి చూపిరి. గాలి ఒత్తిడిని పాదరసపు మిల్లీమీటర్లలో లెక్కింతురు. సముద్రమట్టమున అది 760. బయటికిని నడిమిచెవికిని భేదము 60 మిల్లీమీటర్లు అగుసరికి నొప్పి ఆరంభించును. 80, 90 మిల్లీమీటర్లు అగుసరికి నాళము బిగిసిపోయి, ఎంత గుటక వేసినను కండరము దానిని తెరువజాలదు. నూరు దాటిన పిమ్మట గూబ చిరుగుట సంభవము. కొందరి గూబ దృఢమైనది. నాలుగైదు వందల వరకును ఓర్చును. ఎవరిది ఎంత దృఢమో పగిలినగాని తెలియదు.

ఇక దూకువాని లెక్క చూతము. విమానము పదునైదు ఇరువది నిమిషములలో పదమూడువేల అడుగులకు ఎక్కును. అచ్చట గాలి ఒత్తిడి సుమారు 465 మిల్లీమీటర్లు. దూకిన కొద్దిసేపటికి పడువేగము గంటకు 120 మైళ్లకు చేరి స్థిరపడును. ఒక్క నిమిషములో నాలుగైదువేల అడుగులకు వచ్చుసరికి ఒత్తిడి 650 ప్రాంతమున నుండును. అనగా ఒక్క నిమిషములో సుమారు 190 మిల్లీమీటర్ల మార్పు. గడియపడు హద్దునకు రెట్టింపు. ప్రయాణికుల విమానములో గది ఒత్తిడిని అదుపులో నుంచి నిమిషమునకు మూడు నాలుగు వందల అడుగుల చొప్పున దింపుదురు. అప్పుడే కొందరు చెవులు పట్టుకొందురు గదా! ఆగ్రాలోని మన వైమానికదళ శిక్షణాలయమున పారాషూట్ దళమువారు మొదట నేర్చు దూకుడు సుమారు పన్నెండువందల ఏబది అడుగులనుండి. అందులో గొడుగు వెంటనే విచ్చుకొనును; ఒత్తిడి మార్పు ముప్పదియైదు మిల్లీమీటర్లకు మించదు. కనుక సైనికుల దూకుడుకును సరదాల దూకుడుకును, ప్రాణభయము మాట ఎట్లున్నను, చెవి విషయమున పోలికయే లేదు. హైదరాబాదులో గాలిసొరంగమున తేలియాడు వినోదము కూడ ఇప్పుడు దొరకుచున్నది. అందులో ఎత్తు మారదు గనుక చెవికి ఈ బాధ లేదు; హోరు మాత్రము మెండు.

ఆరోగ్యవంతుడు ఈ నిమిషమును ఎట్లు గడుపుచున్నాడు? అతని నాళము తేలికగా తెరచుకొనును. దవడ కదపగానే, గుటక వేయగానే ఒత్తిడి సరిపడును. ఈ పరుగులో చెవి ఏ క్షణమునను వెనుకబడకపోవుటయే కీలకము. పడిశము పట్టినవాని సంగతి వేరు. ముక్కులోను గొంతువెనుకను పొర వాచి, నాళపు నోరును కప్పివేయును. విప్పు కండరము ఉన్నను విప్పవలసిన సందు ఉండదు. పడిశము పది రోగముల పెట్టని పెద్దలు చెప్పిరి. ఆ పదింటిలో దీనిని చేర్చిరో లేదో కాని చేర్చదగినది. పుష్పధూళికి తుమ్ములు వచ్చువారును, ముక్కు ప్రక్కల గుల్లలలో చీము పట్టినవారును ఇదే కోవకు చెందుదురు. వారికి చెవితోపాటు కనుబొమలపై కత్తితో పొడిచినట్లు నొప్పి కూడ కలుగవచ్చును.

మరి పడిశమున్నదని తెలిసియు ఏల దూకుదురు? మా అభిప్రాయమున ఇది ధైర్యమునకు సంబంధించినది కాదు, డబ్బునకు సంబంధించినది. నెల ముందుగా రుసుము చెల్లింతురు. సెలవు ఆ ఒక్కదినమే. స్నేహితులందరు కలిసి బయలుదేరుదురు. ఆ ఉదయమున ముక్కు కారుచున్నదని చెప్పి వెనుకకు తగ్గుటకు సిగ్గు. గుండెజబ్బున్నదా, మూర్ఛలున్నవా అని కాగితముమీద అడిగిన ప్రశ్నలకు లేదు లేదని వ్రాసి సంతకము చేయుదురు. పడిశము జబ్బేమి, చిన్నమాట అని తలతురు. ఆపైన ముక్కులో ఒక మందు చల్లుకొని అంతటితో తీరినదనుకొందురు. విమానయాత్రికులపై చేసిన పరీక్షలలో నోట మ్రింగు సూడోఎఫెడ్రిన్ అను మందు పెద్దవారికి చెవిపోటును కొంత తగ్గించినది. ముక్కులో చల్లునది అంతగా ఉపకరింపలేదు. రక్తపుపోటు కలవారు మొదటిదానిని వైద్యుని అడుగక మ్రింగరాదు. అదియును విమానము మెల్లగా దిగునప్పటి మాట. నిమిషమునకు పదివేల అడుగుల వేగమునకు పూచీపడు మందు లేదు. పైగా మందు బలము మింటనున్నప్పుడే తగ్గినచో, ఎక్కునప్పుడు జారవలసిన గాలి కూడ లోపల చిక్కుకొని గూబను బయటికి త్రోయును.

చెవి తెరచుకొనక దిగినవానికి లోపల ఏమి జరుగును? నడిమిచెవి గాలి పీల్చి తీసివేసిన సీసావలె అగును. గూబ లోపలికి క్రుంగును. దాని రక్తనాళములు ఉబ్బి చిట్లును. చుట్టునున్న పొరనుండి నీరు ఊరి గదిని నింపును. ఒక్కొక్కప్పుడు నెత్తురే నిండును. తలను నీళ్లకుండలో పెట్టినట్లు మాటలు వినబడును. ఆవులించినప్పుడు లోపల బుడబుడమనును. ఇది చాలవరకు కొన్ని దినములలోనో, కొన్ని వారములలోనో దానంతట తగ్గును. గూబ చిరిగినచో పోటు చప్పున తగ్గి, నెత్తుటి చుక్క కనబడును. చిత్రమేమనగా చిరిగిన గూబ కూడ పెక్కుమందికి కొన్ని వారములలో తిరిగి కూడుకొనును. నీరు పోనీయక కాపాడుకొనుట ఒక్కటే కావలసినది. వీనికన్న భయపడవలసినది వేరొకటి కలదు. దానిని చెప్పుటకు మాకు బాగుగా తెలిసిన ఒక ఇంటి ముచ్చట అవసరము.

మా కేంద్రమున తరచు వాయించు వైణికుడొకరు కలరు. ఆయన కుమారుడు విదేశమున చదువుకొనుచు, తానును వీణ సాధన చేయుచుండెను. పడిశము పట్టియుండగా మిత్రులతో దూకెను. ఎడమచెవి మూసికొనిపోగా, గొడుగు క్రింద వ్రేలాడుచునే ముక్కు గట్టిగా పట్టుకొని బలమంతయు ఉపయోగించి ఊదెను. చెవిలో ఏదో టప్పుమన్నది. తెరచుకొన్నదని సంతోషించెను. ఆ రాత్రి చెవిలో హోరు మొదలైనది. నాలుగు దినములు పడిశమేయని ఊరకుండెను. అయిదవనాడు వీణ శ్రుతి చేయబోగా పంచమము ఒక చెవికి ఒక తీరుగను, రెండవచెవికి కొంచెము హెచ్చుగను వినబడినది. బిరడా ఎటు త్రిప్పినను రెండు చెవులును ఒప్పుకొనలేదు. తండ్రికి ఫోను చేసి, “నాన్నగారూ, తంత్రి తప్పా, నా చెవి తప్పా?” అని అడిగినాడట. తండ్రి మారుపలుకక వెంటనే వైద్యుని యొద్దకు పొమ్మనెను.

అది లోచెవి దెబ్బ. బలముగా ఊదినప్పుడు తలలోని ద్రవముల ఒత్తిడి పెరుగును. మరుక్షణమున నడిమిచెవిలోనికి గాలి తటాలున దూసికొనిపోవచ్చును. ఈ రెండు విధములను నడిమిచెవికిని లోచెవికిని నడుమనున్న సన్నని పొరలు చినిగి, లోచెవి ద్రవము కారిపోవుట కలదు. శబ్దమును పట్టు సూక్ష్మకణములు ఒకసారి చచ్చినచో మరల పుట్టవు. గూబకు మాసిక పడును గాని వీనికి పడదు. ఆ యువకునికి వైద్యులు స్టెరాయిడ్ మందులిచ్చి, తలయెత్తు పెట్టి పండుకొనబెట్టి, బరువులెత్తుట, ముక్కుట, ముక్కు చీదుట మాన్పించిరి. కొందరికి శస్త్రచికిత్స కూడ అవసరమగును; ఇతనికి కాలేదు. మంద్ర మధ్యమ స్వరములు చాలవరకు తిరిగివచ్చినవి. తారస్థాయిలో కొంతభాగము ఎడమచెవికి నేటికిని లేదు. వీణ మానలేదు, శ్రుతి మాత్రము కుడిచెవిని తంత్రివైపు వంచి చేసికొనుచున్నాడు.

ఈ రెండు దోషములకును భేదమును ఇంటియొద్దనే స్థూలముగా పోల్చుకొను ఉపాయమొకటి కలదు. పెదవులు మూసి ఒక శ్రుతిని పట్టి మ్‌మ్ అని నిలుపవలెను. నాదము మూసికొన్న చెవిలోనే గట్టిగా మ్రోగినచో లోపము సాధారణముగా నడిమిచెవిది. మంచిచెవి వైపే మొగ్గినచో లోచెవిని శంకింపవలెను. వైద్యులు నుదుట శ్రుతిదండము నానించి చేయు వెబర్ పరీక్షకు ఇది తమ్ముడు. దీనిని వైద్యునికి బదులుగా వాడరాదు. వైద్యుని యొద్దకు ఎంత త్వరగా పరుగెత్తవలెనో తెలిసికొనుటకు వాడవచ్చును. వినికిడి చప్పున తగ్గుట, ఆగని హోరు, తల తిరుగుట ఈ మూడింటిలో ఏది యున్నను ఆనాడో మరునాడో చెవివైద్యుని చూడవలెను. లోచెవికి స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా ఆరంభించిన అంత మేలు. రెండు వారములు జరిగిన తరువాత ఫలము సన్నగిల్లును.

ముక్కు పట్టుకొని ఊదుటను 1704లో ఇటలీదేశపు వల్సాల్వా అను వైద్యుడు తన చెవిశాస్త్ర గ్రంథమున వివరించెను. నేటికిని ఆయన పేరనే పిలుతురు. ఆ యుపాయము చెడ్డది కాదు, చెడ్డది మొండితనము. నొప్పి పుట్టకముందే, మెత్తగా, స్వల్పముగా ఊదవలెను. గడియపడిన తరువాత ఊది లాభము లేదు. ముక్కు పట్టుకొని ఊదక గుటక వేయుట మరొక పద్ధతి. లండనునగరపు టాయిన్బీ పేర దానిని చెప్పుదురు. చెవిలోని హోరునకు మందు కనుగొనుటకై క్లోరోఫాం, ప్రస్సిక్ ఆమ్లముల ఆవిరిని తనపైననే ప్రయోగించుకొని 1866లో ప్రాణము విడిచిన మహనీయుడాయన. మింట రాయివలె పడునప్పుడు ముఖమంతయు కప్పు శిరస్త్రాణము ధరించినవారికి ముక్కు పట్టుకొనుట కుదరదు. వారు దవడ ముందుకు చాచి, గుటకలు వేయుచు, ఆవులింత తెచ్చుకొనవలెను. గొడుగు విచ్చుకొన్నది గదా యని నిశ్చింతగా నుండరాదు. పదమూడువేల అడుగుల యెత్తున వెయ్యి అడుగులు దిగిన ఒత్తిడి మార్పు పదునెనిమిది మిల్లీమీటర్లే. నేలకు దగ్గర అది ఇరువదియేడు. నిదానముగా దిగు చివరి నాలుగువేల అడుగులే చెవికి బరువైన అడుగులు.

ఆ చివరనే మరొక చిక్కు కలదు. ఒకచెవి తెరచుకొని రెండవది మూసికొనియున్నచో, రెండు ప్రక్కల ఒత్తిడి సమముకాక తల గిర్రున తిరుగును. 1965లో లుండ్‌గ్రెన్ అను స్వీడనుదేశపు శాస్త్రజ్ఞుడు సముద్రమున మునుగువారిలో దీనిని గుర్తించి పేరు పెట్టెను. వైమానికులకును ఇది కలుగుచుండును. నేల వంద అడుగుల దూరమున నున్నప్పుడు, గొడుగు త్రాళ్లు తనచేతిలోనే యున్న ఒంటరి దూకరికి క్షణకాలము దిక్కు తోచకపోయినచో విరుగునది కాలో, నడుమో చెప్పలేము. శిక్షకునికి కట్టుకొని దూకువానికి ఆ యాపద తక్కువ. పోటు మాత్రము ఎవరిది వారిదే.

చెవి దిబ్బడతో దిగివచ్చినవారికి మన ఇండ్లలో జరుగు మొదటి ఉపచారము వెల్లుల్లి వేసి కాచిన నూనెను చెవిలో పోయుట. పిల్లల ఫోనులకు తల్లులు, అమ్మమ్మలు ప్రేమతో చెప్పు సలహా ఇదియే. గూబ చిరిగియున్నచో ఆ నూనె తిన్నగా నడిమిచెవిలోనికి పోయి చీము పట్టించును. నూనెగాని, నీరుగాని, అగ్గిపుల్లకు చుట్టిన దూదిగాని వైద్యుడు చూచువరకు చెవిలోనికి పోరాదు. స్నానమున వాసెలిన్ రాచిన దూదిని చెవిద్వారమున అడ్డుపెట్టుకొనవచ్చును.

మరల దూకుటకు కనీసము పడిశము పూర్తిగా తగ్గి, గుటక వేసినప్పుడు రెండు చెవులును సమముగా టప్పుమనువరకు ఆగవలెను. నేలమీద మెత్తగా ఊది రెండును విచ్చుకొనుచున్నవా అని ఆ ఉదయమే చూచుకొనుట మంచిది; ఒకటి మొరాయించినచో ఆ దినమునకు ఊరకుండవలెను. చెవి దెబ్బతిన్నవారు వైద్యుడు సరేయనువరకు దూకరాదు. ఇక సెలవులకు పోయినవారికి తిరుగుప్రయాణపు టిక్కెట్టు ఒకటి జేబులో నుండును. నడిమిచెవిలో నీరో నెత్తురో నిలిచియుండగా విమానమెక్కినచో, దిగునప్పుడు ఆ గాయముమీదనే మరల ఒత్తిడి పడును. లోచెవి పొర చినిగినవారికి అది మరింత అపాయము. ఆ టిక్కెట్టు తేదీ మార్చుకొనవలెనా అన్నదానిని కూడ చెవిలోనికి చూచిన వైద్యునే అడుగవలెను.